కోట గెలిచాక ఊరు కాయడం: దండయాత్ర తర్వాతి భద్రతపై తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. ఇరాక్ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో చేతులు లేస్తాయి. ఉమ్మడి కడప జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లు అడగమన్న ప్రశ్నలు కూడా వాటిలో ఉంటాయి. అన్నిటికీ ఒకచోట జవాబులు రాసిపెడితే బాగుంటుందని ఈ పేజీ. ఉదాహరణలు ఎక్కువగా రెండు చోట్ల నుంచి తీసుకున్నాను: 2003లో అమెరికా దండెత్తిన తర్వాతి ఇరాక్, 1800 తర్వాతి మన దత్త మండలాలు (నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన సీమ ప్రాంతాలు). నా అభిప్రాయం దాచుకోను. ఊరి కావలివాడు, కరణం, కానిస్టేబులు పనిలో ఉంటేనే భద్రత ఉంటుంది. వాళ్లను ఇంటికి పంపేసిన సైన్యం ఎంత పెద్దదైనా ఆ లోటు పూడ్చలేదు.

గెలిచిన సైన్యం నగరంలో ఉండగానే దోపిడీలు ఎలా జరుగుతాయి?

బాగ్దాద్ 2003 ఏప్రిల్ 9న పడిపోయింది. ఆ మరునాటి నుంచే జాతీయ మ్యూజియంలో దొంగలు పడ్డారు. మంత్రిత్వ శాఖల భవనాలు, ఆసుపత్రులు, బడులు, గోదాములు దోచుకున్నారు. కుర్చీలు, ఫ్యాన్లతో ఆగలేదు. గోడల్లోంచి రాగి తీగలు లాక్కుపోయారు, తలుపులు ఊడదీశారు, చివరికి నిప్పు పెట్టారు. చమురు శాఖ భవనానికి మాత్రం అమెరికా సైన్యం కాపలా పెట్టింది. ఆ ఒక్క దృశ్యం చూసి జనం ఏమనుకున్నారో ఊహించడం కష్టం కాదు.

కారణాలు మూడు కలిసొచ్చాయి. యుద్ధానికి కొన్ని నెలల ముందు, 2002 అక్టోబరులో, ఇరాక్ పాలకుడు సద్దాం హుస్సేన్ క్షమాభిక్ష పేరుతో జైళ్లు ఖాళీ చేయించాడు. పాలన కూలగానే పోలీసులు యూనిఫాం విప్పేసి ఇళ్లకు వెళ్లిపోయారు. ఇక లోపలికొచ్చిన సైనికులకు శత్రువును కొట్టమని ఆదేశాలున్నాయి గానీ, దొంగను పట్టుకోమని లేవు. ట్యాంకు పక్కనుంచే జనం ఏసీలు మోసుకుపోతుంటే సైనికులు చూస్తూ నిలబడ్డారు.

పోయిన సామాను కంటే తగలబడిన కాగితాలు పెద్ద నష్టం అని నేను పిల్లలకు చెబుతాను. ఎవరి భూమి ఎంత, ఎవరికి పింఛను రావాలి, ఎవరి మీద ఏ కేసు ఉంది అన్నది దస్త్రాల్లోనే ఉంటుంది. మన ఊళ్లో అడంగల్, ఒన్ బీ కనబడకపోతే అన్నదమ్ముల మధ్య ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

సైనికుడి చేతిలో తుపాకి ఉంది కదా, పోలీసు పని చేయలేడా?

చేయలేడు. అది అతని తప్పు కాదు. పోలీసుకు భాష తెలుసు, వీధి తెలుసు, ఫలానావాడు ఎవరి కొడుకో తెలుసు. కొట్లాటను మాటతో ఆపడం అతని రోజువారీ పని. ముప్పు కనబడిన క్షణంలో కాల్చడం సైనికుడి శిక్షణ.

ఇరాక్‌లో ఒక చెక్‌పోస్టును దగ్గరగా చూడండి. సాయంత్రం, వెలుతురు తగ్గింది. రోడ్డుకు అడ్డంగా ముళ్ల కంచె, వెనక సాయుధ వాహనం. ఒక కారు వస్తోంది. సైనికుడు చెయ్యెత్తి సైగ చేశాడు. ఆగమని అతని ఉద్దేశం. లోపల కుటుంబంతో వస్తున్న డ్రైవరుకు ఆ సైగ అర్థం కాలేదు, లేదా చీకట్లో కనబడలేదు. కారు ఆగలేదు. ముందు వారం ఇలాంటి కారే బాంబుతో వచ్చి తోటి సైనికులను చంపింది. తేల్చుకోవడానికి అతనికున్నది కొన్ని సెకన్లు. ఇలా ఎన్నో కుటుంబాలు చెక్‌పోస్టుల దగ్గర చచ్చిపోయాయి. అలా పోయిన ప్రతి ఇంటి నుంచీ పగ పుట్టింది. ఇరాక్ తెగల్లో ఆ పగకు లెక్క ఉంటుంది, తీరేదాకా మరిచిపోరు. సీమలో పుట్టినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

ఎంతమంది బలగం ఉంటే సరిపోతుంది?

1995లో జేమ్స్ క్విన్లివన్ అనే అమెరికన్ విశ్లేషకుడు పాత అనుభవాలన్నీ తీసి లెక్క కట్టాడు. కల్లోలం తీవ్రంగా ఉన్న చోట వెయ్యి మంది జనానికి 20 మంది బలగం కావాల్సి వస్తోందని తేలింది. మన కొలతలో చూద్దాం. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కడప జిల్లా జనాభా 28.8 లక్షలు. ఆ లెక్కన ఈ ఒక్క జిల్లాకే 57,000 మందికి పైగా కావాలి. ఉమ్మడి కర్నూలుకు, 40 లక్షల పైచిలుకు జనాభాకు, 80,000 దాటుతుంది.

అప్పటి ఇరాక్ జనాభా దాదాపు రెండున్నర కోట్లు. అంటే 5 లక్షల మంది కావాలి. అమెరికా దగ్గరున్నది లక్షన్నర, మిత్రదేశాల బలగాలు ఇంకొంత. ఈ సంగతి ముందే చెప్పినవాళ్లు ఉన్నారు. అమెరికా సైన్యాధిపతి జనరల్ ఎరిక్ షిన్సెకీ 2003 ఫిబ్రవరిలోనే సెనెట్ కమిటీ ముందు కొన్ని లక్షల సైనికులు అవసరమవుతారని అన్నాడు. రక్షణ శాఖ పెద్దలు ఆ మాటను బహిరంగంగానే కొట్టిపారేశారు. దేశాన్ని గెలవడానికి అంతమంది అక్కర్లేదు కాబట్టి, దాన్ని కాయడానికీ అక్కర్లేదన్నది వాళ్ల నమ్మకం. నిజం దానికి సరిగ్గా తలకిందులు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. 20 మందీ బయటివాళ్లే కానక్కర్లేదు. స్థానిక పోలీసులనూ కలిపి లెక్కపెట్టొచ్చు. ఇరాక్‌లో ఆ దారి ఎలా మూసుకుపోయిందో తర్వాతి జవాబులో ఉంది.

పాత ప్రభుత్వపు సైన్యాన్ని రద్దు చేస్తే తప్పేముంది? వాళ్లు శత్రువులే కదా?

అందరూ అడిగే ప్రశ్నే ఇది. 2003 మే నెలలో పాల్ బ్రెమర్ ఇరాక్ పాలనాధికారిగా వచ్చాడు. మే 16న మొదటి ఉత్తర్వు: సద్దాం పార్టీ అయిన బాత్ పార్టీలో పై మెట్లలో ఉన్నవాళ్లందరినీ ఉద్యోగాల నుంచి తీసేయాలి. మే 23న రెండోది: సైన్యం రద్దు. వారం రోజుల తేడాలో రెండు సంతకాలు.

పార్టీ సభ్యత్వం లేకుండా ఆ దేశంలో పెద్ద ఉద్యోగం వచ్చేది కాదు. అందువల్ల డాక్టర్లు, ఇంజినీర్లు, బడిపంతుళ్లు కూడా వేలల్లో రోడ్డున పడ్డారు. సైన్యం రద్దుతో లక్షల మందికి జీతం ఆగిపోయింది. వాళ్లకు తుపాకి వాడటం వచ్చు, మందుగుండు ఎక్కడ దాచారో తెలుసు, ఒకరికొకరు పరిచయం. ఇంట్లో పొయ్యి వెలగడం లేదు, పైగా అవమానం. నిరసనలు లేచాక జూన్ చివర్లో నెలనెలా కొంత భత్యం ఇస్తామన్నారు. అప్పటికే చెయ్యి దాటిపోయింది. పదేళ్ల తర్వాత ఇస్లామిక్ స్టేట్ ముఠాలో సైనిక వ్యూహాలు నడిపినవాళ్లలో సద్దాం కాలపు అధికారులు కనబడ్డారు.

నేరం చేసినవాణ్ణి శిక్షించొద్దని నేననను. కానీ ఒక్కొక్కరి నేరం ఒక్కొక్కటిగా విచారించకుండా, ఒక్క కలంపోటుతో అందరినీ వెలి వేయడం న్యాయమూ కాదు, తెలివీ కాదు.

మన జిల్లాల్లో ఇలాంటిది ఎప్పుడైనా జరిగిందా?

జరిగింది. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంలో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. టిప్పు సుల్తాన్ నుంచి 1792లో, 1799లో తన వాటాకు వచ్చిన నేల అది. కంపెనీ సైన్యం ఖర్చు కింద జమ వేశాడు. అలా చూస్తే కాగితం మీద చేతులు మారిన నేలే, దండెత్తి గెలిచింది కాదు. కానీ కాగితం పాలెగాళ్లను, అంటే కోటలు, బంట్లు పెట్టుకుని ఊళ్ల మీద పెత్తనం చేసే నాయకులను, లొంగదీయలేదు. దాదాపు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద 30,000 దాకా ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని కంపెనీ వాళ్ల లెక్క. సైన్యం ఆ తర్వాతే దిగింది.

థామస్ మన్రోను ప్రధాన కలెక్టరుగా పంపారు. మేజర్ జనరల్ కాంబెల్ బలగాలు అతని వెనక నడిచాయి. శిస్తు కట్టనివాడిని, బంట్లను వదులుకోనివాడిని కోట నుంచి వెళ్లగొట్టారు. లొంగినవాడికి పింఛను ఇచ్చారు. ఊళ్లు ఊరికే తలొగ్గలేదు. ఇప్పటి దేవనకొండ మండలంలోని తెర్నేకల్లు జనం 1801లో కంపెనీ సైన్యానికే ఎదురు నిలిచారు. సైన్యం ఆ ఊరిని రక్తపాతంతో అణచివేసింది. మన్రోను దయామయుడని చెప్పే పుస్తకాలు ఆ ఊరి పేరు త్వరగా దాటేస్తాయి. అలా దాటేయకూడదు.

అణచివేత తర్వాత మన్రో చేసిన పని మాత్రం శ్రద్ధగా చదవాల్సిందే. ఊరి రెడ్డిని, కరణాన్ని, తలారిని తీసేయలేదు. కరణం లెక్కలు పట్టుకునే సర్వే నడిపించాడు. పాలెగాళ్ల బంట్లలో చాలామందికి ఇనాం భూములిచ్చి, కట్టుబడి కింద, అంటే ఆ భూమికి బదులు పని చేసే ఏర్పాటుతో, ఊరి కావలికి, సర్కారు పనికి పెట్టుకున్నాడు. నిన్నటిదాకా దోపిడీకి వెళ్లినవాడే ఈ రోజు దారి కాచాడు. అతనికి తిండి పెట్టేది ఆ రెండు మూడెకరాల మాన్యం. మన్రో ఏళ్ల తరబడి డేరాల్లోనే ఉంటూ ఊరూరా తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడాడు. బాగ్దాద్‌లో గోడల వెనక ఉన్న గ్రీన్ జోన్ దాటని అధికారులతో పోల్చి చూసుకోండి.

అయితే మన్రో పద్ధతి గెలిచినట్టేనా?

నలభై ఏళ్లు నడిచింది, తర్వాత బద్దలైంది. మొదటి లోపం శిస్తు. బరువు ఎక్కువైందని మన్రోకే అర్థమై, 1807లో వెళ్లేముందు నాలుగో వంతు తగ్గించమని రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపు రాలేదు. 1827 జులైలో ఈ ప్రాంతంలో పర్యటిస్తూనే పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

రెండో లోపం మాట తప్పడం. పాలెగాళ్ల పింఛన్లు వారసులకు చీలికలు పేలికలయ్యాయి, కొన్ని ఆగిపోయాయి. కట్టుబడుల ఇనాములను సర్కారు వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. పాలెగాళ్ల వంశంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలనెలా వచ్చే పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846 జులైలో ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు వెంట నడిచినవాళ్లలో మాన్యం పోగొట్టుకున్న కట్టుబడులు ఉన్నారు. మన్రో కావలికి పెట్టినవాళ్ల కొడుకులూ మనవళ్లే వాళ్లు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. ముప్పై ఏళ్లు ఒక తలను చూపించి భయపెట్టాల్సి వచ్చిందంటే ఆ పాలనకు తన మీద తనకు ఎంత నమ్మకం ఉందో తెలుస్తుంది.

తిరగబడేవాళ్లకు ఆయుధాలు ఎక్కడి నుంచి వస్తాయి?

చాలావరకు ఓడిన సైన్యం గోదాముల నుంచే. ఇరాక్ అంతటా ఆయుధ గిడ్డంగులు కాపలా లేకుండా పడి ఉన్నాయి. బాగ్దాద్‌కు దక్షిణాన అల్ కకా అనే చోట నుంచి వందల టన్నుల శక్తిమంతమైన పేలుడు పదార్థం మాయమైన సంగతి 2004లో బయటపడింది. పాత ఫిరంగి గుండుకు ఒక సెల్‌ఫోను, నాలుగు తీగలు కలిపితే రోడ్డు పక్క బాంబు తయారు. అమెరికా సైనికులను ఎక్కువగా చంపింది అదే. నగరం చేతికి రాగానే మొదట తాళం వేయాల్సింది ఆయుధాగారానికి, తర్వాత దస్త్రాల గదికి. బ్యాంకు వాటి తర్వాతే.

జనం సైన్యానికి సమాచారం ఎందుకివ్వరు? వాళ్లకూ శాంతి కావాలి కదా?

కావాలి. కానీ రేపు కూడా బతకాలి. ఫ్యాక్షన్ రోజుల్లో మన ఊళ్లలో పికెట్లు (పోలీసు కాపలా శిబిరాలు) చూసినవాళ్లను అడగండి. బడి వరండాలో ఏఆర్ (సాయుధ రిజర్వు) పోలీసులు మంచాలు వేసుకుని ఉండేవాళ్లు. వాళ్లున్నన్నాళ్లూ ఊళ్లో చీమ చిటుక్కుమనేది కాదు. బైండోవర్లు (గొడవలకు దిగనని రాయించుకునే పూచీకత్తులు) రాసుకునేవాళ్లు, నాటు బాంబుల కోసం గడ్డివాములు కెలికేవాళ్లు. అయినా ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు. పికెట్ ఒక రోజు లేచిపోతుందని, ఎదుటి వర్గం మాత్రం అదే వీధిలో ఉంటుందని అందరికీ తెలుసు. చాలా ఊళ్లలో కక్షలు చల్లబడింది రెండు వర్గాల పెద్దలు కూర్చుని రాజీ పడ్డాకే, పిల్లలు చదువులకు బయటికి వెళ్లాకే.

ఇరాక్‌లో ఇదే లెక్క వందరెట్లు. అమెరికన్లకు దుబాసీగా పనిచేసినవాళ్లను వెతికి చంపారు. పోలీసు ఉద్యోగానికి వరుసలో నిలబడ్డ కుర్రాళ్ల మధ్య బాంబులు పేల్చారు. 2003 ఆగస్టు 19న ఐక్యరాజ్యసమితి కార్యాలయాన్నే పేల్చేశారు. ప్రత్యేక ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లోతో కలిపి 22 మంది చనిపోయారు. సాయం చేయడానికి వచ్చినవాళ్లకే దిక్కులేకపోతే మాకెవరు దిక్కని మామూలు మనిషి అనుకున్నాడు. నోరు మూసుకున్నాడు. వెళ్లిపోయేవాడు ఎంత మంచివాడైనా ఉండిపోయేవాడికే జనం భయపడతారు.

డబ్బిచ్చి శాంతిని కొనొచ్చా?

కొంతకాలానికి కొనొచ్చు. 2006 ఫిబ్రవరిలో సమర్రా మసీదు పేల్చివేత తర్వాత ఇరాక్‌లో షియా, సున్నీల నరమేధం మొదలైంది. అదే ఏడాది అన్బర్ ప్రాంతంలో సున్నీ తెగల పెద్దలు అల్ ఖైదా మీద తిరగబడ్డారు. 2007లో అమెరికా అదనపు బలగాలను దించి, ఈ తెగల మనుషులను జీతానికి పెట్టుకుంది. దాదాపు లక్ష మందికి నెలకు 300 డాలర్ల లెక్కన ఇచ్చారు. హింస గట్టిగా తగ్గింది. మన కట్టుబడుల కథే అది, రెండు వందల ఏళ్ల తర్వాత మరో ఎడారిలో.

చివర కూడా అలాగే అయింది. ప్రభుత్వ ఉద్యోగాల్లోకి తీసుకుంటామన్న మాట బాగ్దాద్ ప్రభుత్వం చాలామంది విషయంలో నిలబెట్టుకోలేదు. అమెరికా సైన్యం 2011 డిసెంబరులో వెళ్లిపోయింది. 2014 జూన్‌లో మోసుల్ నగరం కొద్ది రోజుల్లోనే ఇస్లామిక్ స్టేట్ చేతికి పోయింది. అక్కడ పని చేసుకుంటున్న 39 మంది భారతీయ కూలీలను ఎత్తుకెళ్లి చంపేశారు. వాళ్ల మరణాన్ని మన ప్రభుత్వం 2018 మార్చిలో ధ్రువీకరించింది. నాలుగేళ్లు ఫోను కోసం ఎదురుచూసిన ఆ ఇళ్ల గురించి చెప్పేటప్పుడు క్లాసులో నాకు గొంతు పెగలదు.

ప్రైవేటు సెక్యూరిటీ వాళ్లతో పని నడవదా?

నడిపించి చూశారు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ కంపెనీ గార్డులు జరిపిన కాల్పుల్లో 17 మంది పౌరులు చనిపోయారు. ఇరాకీ చట్టం వాళ్లకు వర్తించని ఏర్పాటు అప్పట్లో ఉంది. జవాబుదారీ లేని తుపాకి ఎవరి చేతిలో ఉన్నా ప్రమాదమే.

అంతర్జాతీయ చట్టం ఏమంటుంది?

స్పష్టంగా చెబుతుంది. 1907 హేగ్ నిబంధనల్లో 43వ అధికరణం ప్రకారం, ఆక్రమించిన సైన్యమే అక్కడి శాంతిభద్రతలకు బాధ్యత వహించాలి. వీలైనంతవరకు ఆ దేశపు చట్టాలనే పాటించాలి. 1949 నాలుగో జెనీవా ఒప్పందం పౌరుల తిండి, వైద్యం బాధ్యత కూడా మోపింది.

మరి జర్మనీ, జపాన్‌లలో ఎలా కుదిరింది?

జర్మనీలో ఎలా పాలించాలో యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1942 నుంచే, అమెరికా అధికారులకు శిక్షణ మొదలైంది. 1945లో లొంగుబాటు నాటికి అక్కడున్న సైన్యం కూడా చాలా పెద్దది. జపాన్‌లో చక్రవర్తిని, గుమాస్తాల యంత్రాంగాన్ని ఉంచి వాళ్ల చేతనే పాలన నడిపించారు. రెండు చోట్లా లొంగుబాటు అధికారికంగా జరిగింది, యుద్ధం అయిపోయిందని జనమూ ఒప్పుకున్నారు. ఇరాక్‌లో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టినవాడే లేడు.

భారత సైన్యానికి ఇలాంటి అనుభవం ఉందా?

ఉంది, రెండు విధాలుగానూ. 1971 డిసెంబరులో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మన సైన్యం 1972 మార్చికల్లా వెనక్కి వచ్చేసింది. పాలన నడపడానికి ఆ దేశపు సొంత నాయకత్వం సిద్ధంగా ఉంది, జనం వాళ్ల వెంట ఉన్నారు.

శ్రీలంకకు 1987లో శాంతిసేనగా వెళ్లాం, అదీ ఆ దేశ ప్రభుత్వం ఒప్పుకున్నాకే. రెండు పక్షాల మధ్య నిలబడదామని వెళ్లి, మూడు నెలలు తిరక్కుండానే ఎల్‌టీటీఈ (తమిళ పులులు)తో యుద్ధంలో పడ్డాం. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి 1,100 మందికి పైగా జవాన్లను పోగొట్టుకున్నాం. ఆ గాయం ఇంకా గుర్తుండగానే, 2003 జులైలో ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా అడిగితే వాజ్‌పేయి ప్రభుత్వం కాదంది. అప్పటికి అది తేలికైన నిర్ణయం కాదు. నా దృష్టిలో చాలా మంచి నిర్ణయం.

మావాళ్లు కువైట్‌లో ఉన్నారు. అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లను ఎక్కువగా దెబ్బతీసింది యుద్ధం కంటే ఆ తర్వాతి అరాచకం. దుకాణాలు దోచారు, బ్యాంకులు మూతపడ్డాయి, దినార్లు చిత్తుకాగితాలయ్యాయి, పాస్‌పోర్టులు యజమానుల దగ్గర ఇరుక్కుపోయాయి. చాలామంది బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానం ఎక్కారు. రెండు నెలల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను వెనక్కి తెచ్చారు. 1991 ఫిబ్రవరిలో కువైట్ విముక్తి అయ్యాక కూడా వెంటనే కుదుటపడలేదు. సైనిక పాలన పెట్టారు, 600కు పైగా చమురు బావులు మండుతున్నాయి, ఎడారిలో మందుపాతరలు మిగిలాయి. ఇరాక్‌కు సాయపడ్డారన్న అనుమానంతో పాలస్తీనియన్ల మీద దాడులు జరిగాయి.

కాబట్టి ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఈ పనులు చేయించండి. అక్కడి భారత రాయబార కార్యాలయంలో పేరు, చిరునామా నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) కాపీలు ఫోనులో ఒకటి, కాగితం మీద ఒకటి, ఇంట్లో మీ దగ్గర ఒకటి ఉండాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంటే ఆ సంగతి రాయబార కార్యాలయానికి తెలియాలి. కొంత నగదు చేతిలో పెట్టుకోవాలి, సగం డాలర్లలో ఉంటే మేలు. వీసా లేకుండా, యజమాని మారి పనిచేస్తున్నవాళ్లు భయపడి నమోదు చేసుకోరు. గొడవల్లో అందరికంటే ముందు చిక్కుకునేది వాళ్లే, వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. వాళ్ల తరఫున ఇక్కడి నుంచి మీరు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్టు నంబరు, చివరిసారి మాట్లాడిన తేదీ, పనిచేసే చోటు వివరాలు దగ్గర పెట్టుకుని రాయండి.